చర్మం మీది బొమ్మ, కాగితం మీది బొమ్మ: పచ్చబొట్టు కళాకారుడు డాన్ ఎడ్ హార్డీ వృత్తిజీవితం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- అమెరికన్ పచ్చబొట్టు కళాకారుడు డాన్ ఎడ్ హార్డీ వృత్తిజీవితంలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
- పచ్చబొట్టు దుకాణంలో పని జరిగే తీరును, 1970ల తరువాత అందులో వచ్చిన మార్పును గుర్తించగలుగుతారు.
- ఆయన దుకాణం బయట చేసిన చిత్రలేఖనం, ముద్రణ, ప్రచురణ పనులు చరిత్రకు ఆధారాలు ఎలా అయ్యాయో చర్చించగలుగుతారు.
- ఇదే పద్ధతిలో మన ప్రాంతపు పచ్చబొట్టును గురించి ప్రశ్నలు వేసుకోగలుగుతారు.

2. పరిచయం

చేతివృత్తుల చరిత్ర రాయాలంటే ముందుగా ఆధారాలు కావాలి. కుమ్మరి చేసిన కుండ పగిలినా పెంకులు నేలలో మిగులుతాయి. శిల్పి చెక్కిన రాయి వెయ్యేళ్ళ తరువాతా కనిపిస్తుంది. నేతగాడి బట్ట చినిగినా ఎక్కడో ఒక పెట్టెలో ఒక ముక్క దొరకవచ్చు. పచ్చబొట్టు సంగతి అలా కాదు. అది బతికి ఉన్న మనిషి చర్మం మీద ఉంటుంది. ఆ మనిషితోపాటు చితికో సమాధికో వెళ్ళిపోతుంది. నలభై ఏళ్ళు పనిచేసిన పచ్చబొట్టు కళాకారుడు వేల బొమ్మలు వేసి ఉండవచ్చు. మరో వందేళ్ళకు వాటిలో ఒక్కటీ చూడడానికి మిగలదు.

మరి ఈ వృత్తి చరిత్ర మనకు ఎలా తెలుస్తోంది? పచ్చబొట్టు వేసేవారు చర్మం మీద చేసిన పని వల్ల కాక, కాగితం మీద చేసిన పని వల్లే చాలావరకు తెలుస్తోంది. నమూనా బొమ్మలు, స్టెన్సిళ్ళు, ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు, పత్రికలు మనకు మిగిలిన సంపద. వాటిని వారు తీరిక వేళల్లో చేసిన అదనపు పనులుగా చూడడం మామూలే. చరిత్ర విద్యార్థి మాత్రం ఆ దృష్టిని సరిచేసుకోవాలి. కళాకారుడికి అదనపు పని అయినది చరిత్రకారుడికి ప్రధాన ఆధారం కావచ్చు. ఈ విషయాన్ని ఒక వ్యక్తి జీవితం ద్వారా పరిశీలిద్దాం.

3. పచ్చబొట్టు దుకాణం: పని తీరు

హార్డీ జీవితంలోకి వెళ్ళేముందు ఆయన అడుగుపెట్టిన వృత్తి ఎలా ఉండేదో చూడాలి.

1876లో థామస్ ఎడిసన్ ఒక విద్యుత్ కలానికి పేటెంటు పొందాడు. ఆ కలం కొనలోని సూది వేగంగా పైకీ కిందికీ కదులుతూ కాగితం మీద సన్నని రంధ్రాలు వేసేది. ఆ రంధ్రాల గుండా సిరా దిగేలా చేసి ఒకే రాతకు అనేక ప్రతులు తీసేవారు. ఇది కార్యాలయాల కోసం తయారైన పరికరం. ఇదే సూత్రం ఆధారంగా న్యూయార్క్‌కు చెందిన శామ్యూల్ ఓ'రైలీ 1891లో పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. అంటే కాగితాన్ని పొడిచే సూదే చర్మాన్ని పొడిచే సూదిగా మారింది. కాగితానికీ పచ్చబొట్టుకూ ఉన్న సంబంధం ఈ వృత్తి ఆధునిక దశ ఆరంభంలోనే కనిపిస్తుందని గమనించండి.

యంత్రం వచ్చాక పని వేగం పెరిగింది. వేగానికి తగినట్లు బొమ్మలూ సిద్ధంగా ఉండాలి. దుకాణం గోడల నిండా నమూనా పటాలు అంటించేవారు. వీటిని 'ఫ్లాష్' అంటారు. లంగరు, గద్ద, ఓడ, గులాబి, బాకు గుచ్చుకున్న గుండె, 'అమ్మ' అని రాసిన పట్టీ వంటివి వాటిలో ఉండేవి. వచ్చినవారు గోడ వైపు చూసి ఒక బొమ్మను వేలితో చూపేవారు. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద ఆ బొమ్మ గీతలు ముందే చెక్కి ఉండేవి. గీతల్లో బొగ్గుపొడి నింపి, వాసెలిన్ రాసిన చర్మం మీద ఆ రేకును అద్దితే బొమ్మ ఆకారం పడేది. ఆ గీతల వెంట యంత్రాన్ని నడిపి, తరువాత నీడలు, చివర రంగులు నింపేవారు.

నావికులు, సైనికులు, రేవు కార్మికులు ఎక్కువగా వచ్చేవారు. అందుకే దుకాణాలు ఓడరేవుల్లో, సైనిక స్థావరాల దగ్గర, వినోద ప్రదర్శనలు జరిగే వీధుల్లో ఉండేవి. జీతాలు అందిన రోజున రద్దీ ఎక్కువ. త్వరగా ముగిస్తే మరొకరిని కూర్చోబెట్టవచ్చు కాబట్టి వేగమే సంపాదన. సమాజంలో మాత్రం ఈ వృత్తికి గౌరవం తక్కువ. కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ వ్యాపిస్తోందని న్యూయార్క్ నగరం 1961లో పచ్చబొట్టు వేయడాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1997 దాకా కొనసాగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఎడిసన్ విద్యుత్ కలానికీ పచ్చబొట్టు యంత్రానికీ ఉన్న సంబంధం ఏమిటి?
2. 'ఫ్లాష్' పటాలు దుకాణంలో ఏ అవసరాన్ని తీర్చేవి?

4. హార్డీ శిక్షణ: రెండు పాఠశాలలు

డాన్ ఎడ్ హార్డీ 1945లో పుట్టాడు. దక్షిణ కాలిఫోర్నియా తీరంలోని కరోనా డెల్ మార్‌లో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన ఒక స్నేహితుడి తండ్రి ఒంటి మీది పచ్చబొట్లు ఆ పిల్లవాడిని ఆకర్షించాయి. పదేళ్ళ వయసులోనే ఇంట్లో ఆట దుకాణం పెట్టి, ఇరుగుపొరుగు పిల్లల చేతుల మీద రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీసేవాడు. లాంగ్ బీచ్‌లోని 'పైక్' వినోద వీధికి వెళ్ళి బర్ట్ గ్రిమ్ దుకాణంలో పని జరుగుతుంటే గంటలకొద్దీ చూసేవాడు.

తరువాత శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1967లో ముద్రణకళలో పట్టా పొందాడు. అక్కడ ఆయన ప్రధానంగా నేర్చుకున్నది ఎచింగ్. ఈ పద్ధతిలో లోహపు రేకు మీద ఒక పూత పూసి, ఆ పూతను సూదితో గీస్తారు. తరువాత రేకును ఆమ్లంలో ఉంచితే గీతలు ఉన్నచోట లోహం తినివేయబడుతుంది. ఆ లోతుల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. సూది, గీత, గీతలో నిలిచే సిరా: ఈ మూడూ పచ్చబొట్టులోనూ ఉన్నాయి. తప్పు గీస్తే దిద్దుకోవడం రెండింటిలోనూ కష్టమే.

ఆయన రెండో పాఠశాల ఓక్లండ్‌లోని ఒక పచ్చబొట్టు దుకాణం. దాన్ని నడిపిన ఫిల్ స్పారో అసలు పేరు శామ్యూల్ స్టీవార్డ్. ఆయన ఆంగ్ల సాహిత్యం బోధించిన ఆచార్యుడు. ఉద్యోగం వదిలి మొదట చికాగోలో, తరువాత ఓక్లండ్‌లో పచ్చబొట్లు వేశాడు. మానవుల లైంగిక ప్రవర్తనపై పరిశోధించిన ఆల్‌ఫ్రెడ్ కిన్సే ప్రోత్సాహంతో, తన దగ్గరకు వచ్చేవారు ఎవరు, ఎందుకు వేయించుకుంటున్నారు అనే వివరాలను దినచర్యగా రాసిపెట్టాడు. ఆ అనుభవాలు 1990లో పుస్తకంగా వచ్చాయి. బొమ్మ పోయినా, ఆ బొమ్మ వెనుక మనిషి ఆలోచన మిగిలిందంటే అందుకు ఆ రాతే కారణం. జపాన్ పచ్చబొట్లను గురించిన పుస్తకాన్ని హార్డీకి చూపినవాడూ ఆయనే. ఒంటినంతా ఒకే చిత్రంగా భావించవచ్చన్న ఆలోచన హార్డీకి అక్కడ కలిగింది.

యేల్ విశ్వవిద్యాలయంలో పై చదువుకు అవకాశం వచ్చినా హార్డీ పచ్చబొట్టు వృత్తినే ఎంచుకున్నాడు. ఆనాటి చదువుకున్న కుటుంబాల దృష్టిలో ఇది పైకి ఎక్కే మెట్టు కాదు. కొన్నేళ్ళు శాన్ డియాగో నౌకాస్థావరం దగ్గర నావికులకు గోడ మీది బొమ్మలే వేశాడు. అది వియత్నాం యుద్ధకాలం. చేతికి వేగం అక్కడే వచ్చింది. గోడ మీది బొమ్మకు పరిమితి ఉందన్న అసంతృప్తి కూడా అక్కడే పెరిగింది.

5. జపాన్ అనుభవం, దుకాణంలో మార్పు

హవాయి రాజధాని హోనలులులో నార్మన్ కాలిన్స్ అనే పేరుమోసిన కళాకారుడు ఉండేవాడు. అందరూ ఆయన్ని సెయిలర్ జెర్రీ అనేవారు. జపాన్ కళాకారులతో ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. హార్డీ ఆయనకు ఉత్తరాలు రాస్తూ రంగుల గురించి, సూదుల గురించి, బొమ్మల కూర్పు గురించి ఎంతో నేర్చుకున్నాడు. ఆయన ద్వారానే గిఫు నగరంలోని హొరిహిదె అనే గురువుతో పరిచయం కలిగింది. 1973లో హార్డీ గిఫు వెళ్ళి కొన్ని నెలలపాటు ఆయన దగ్గర పనిచేశాడు. సెయిలర్ జెర్రీ ఆ ఏడాదే మరణించాడు.

జపాన్‌లో పచ్చబొట్టుకూ ముద్రణకూ ఉన్న బంధం చాలా గట్టిది. 1827 ప్రాంతంలో ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు ఒక చైనా వీరగాథలోని యోధులను కొయ్య అచ్చుల మీద చిత్రించాడు. వారిలో చాలామంది ఒళ్ళు పచ్చబొట్లతో నిండి ఉంటాయి. ఆ బొమ్మలు చూసి జనం అలాంటివే వేయించుకోసాగారు. పచ్చబొట్టు గురువుల పేర్ల ముందు వచ్చే 'హొరి' అన్న మాటకు చెక్కడం అని అర్థం. 1872లో ప్రభుత్వం పచ్చబొట్టును నిషేధించింది. 1948 దాకా ఆ నిషేధం ఉన్నా కళ రహస్యంగా బతికింది. అది బతకడానికి గురుశిష్య పరంపరతోపాటు కాగితం మీద మిగిలిన అచ్చులూ తోడ్పడ్డాయి.

తిరిగి వచ్చాక హార్డీ 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో 'రియలిస్టిక్ టాటూ' పేరుతో దుకాణం తెరిచాడు. ఇక్కడ పద్ధతి వేరు. ముందుగా సమయం తీసుకొని రావాలి. వచ్చినవారు తమ ఆలోచన చెబుతారు. కళాకారుడు విని, వారి ఒంటి తీరుకు సరిపడేలా కొత్త బొమ్మ గీస్తాడు. పెద్ద బొమ్మ అయితే పలుమార్లు కూర్చోవలసి ఉంటుంది. ఒకరికి వేసిన బొమ్మ మరొకరికి వేయరు.

ఈ మార్పును శ్రమ చరిత్ర దృష్టితో చూడండి. గోడ మీది బొమ్మను వేసేవాడు నకలు తీసే పనివాడు. కొత్త బొమ్మ గీసేవాడు రూపకర్త. సూది అదే, సిరా అదే అయినా పని స్వభావం మారింది, దానితో కొనుగోలుదారుడి స్థానమూ మారింది. అతడు ఎంచుకునేవాడు మాత్రమే కాక, బొమ్మ ఆలోచనలో భాగస్వామి అయ్యాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. శామ్యూల్ స్టీవార్డ్ దినచర్య చరిత్రకారుడికి ఎందుకు విలువైనది?
4. 'రియలిస్టిక్' దుకాణంలో పని పద్ధతి పాత దుకాణాల కంటే ఏ విధంగా భిన్నం?

6. దుకాణం బయట చేసిన పనులు

6.1 ప్రచురణ: 1982లో హార్డీ, ఆయన భార్య ఫ్రాన్సెస్కా పాసలాక్వా కలిసి 'హార్డీ మార్క్స్' ప్రచురణ సంస్థను ప్రారంభించారు. అదే ఏడాది 'టాటూటైమ్' పత్రిక మొదటి సంచిక వచ్చింది. 1991 నాటికి వచ్చినవి ఐదు సంచికలే. మొదటి సంచిక విషయం తెగల సంప్రదాయ పచ్చబొట్లు. పసిఫిక్ దీవుల, బోర్నియో నల్లని రూపాల పట్ల అమెరికా యువతలో ఆసక్తి పెరగడానికి అది బాగా తోడ్పడింది. సెయిలర్ జెర్రీ ఉత్తరాలనూ, పాతతరం కళాకారుల నమూనా బొమ్మలనూ ఈ సంస్థే పుస్తకాలుగా తెచ్చింది. దుకాణాలు మూతపడినప్పుడు చెత్తకుప్పకు చేరవలసిన కాగితాలు అలా గ్రంథాలయాలకు చేరాయి.

6.2 ప్రదర్శన: 1995లో న్యూయార్క్‌లోని 'డ్రాయింగ్ సెంటర్'లో ఒక శతాబ్ద కాలపు పచ్చబొట్టు నమూనా చిత్రాల ప్రదర్శనను హార్డీ రూపొందించాడు. ఆ నగరంలో పచ్చబొట్టు వేయడం మీద నిషేధం అప్పటికింకా తొలగలేదు. చర్మం మీద వేస్తే నేరమైన బొమ్మ, కాగితం మీద గోడకెక్కితే కళ అయింది.

6.3 చిత్రలేఖనం: 2000 సంవత్సరం తూర్పు ఆసియా పంచాంగం ప్రకారం డ్రాగన్ సంవత్సరం. ఆ ఏడాది హార్డీ 500 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న చుట్ట మీద 2000 డ్రాగన్లు చిత్రించాడు. ముప్పై ఏళ్ళుగా ఒళ్ళ మీద వేస్తూ వచ్చిన రూపాన్ని ఎవరూ కోరకుండా, ఎవరి చర్మం కొలతకూ లోబడకుండా గీశాడు. తరువాతి కాలంలో పచ్చబొట్టు పని మాని, చిత్రలేఖనానికే సమయం కేటాయించాడు.

6.4 దుస్తుల వ్యాపారం: 2000ల మొదటి దశాబ్దంలో హార్డీ తన బొమ్మలను దుస్తుల మీద వాడుకునే హక్కును ఇచ్చాడు. క్రిస్టియన్ ఆడిజియే అనే వ్యాపారి చేతిలో 'ఎడ్ హార్డీ' పేరు ప్రపంచమంతా తిరిగింది. టీషర్టులు, టోపీలు సినీతారల ఒంటి మీద కనిపించాయి. డబ్బు వచ్చింది, వివాదాలూ కోర్టు వ్యవహారాలూ వచ్చాయి. కొన్నాళ్ళకు మోజు తగ్గి, ఆ పేరే ఎగతాళికి గురయింది. ఆ పేరుగల మనిషి ఒకడున్నాడని, అతడు నలభై ఏళ్ళు సూది పట్టాడని చాలామంది కొనుగోలుదారులకు తెలియదు.

చివరకు 2019లో శాన్ ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ఆయన జీవితకాల కృషిని ప్రదర్శించింది. పిల్లవాడిగా గీసిన బొమ్మలు, ఎచింగ్ అచ్చులు, నమూనా పటాలు, డ్రాగన్ల చుట్ట అక్కడ చోటు చేసుకున్నాయి. ఆయన సూది కింద కూర్చున్న వేలాదిమంది ఒంటి మీది అసలు బొమ్మలకు మాత్రం మ్యూజియం గోడ చాలదు. వాటికి ఫోటోలే సాక్ష్యం.

7. ఆధారాలను ఎలా చదవాలి?

కాగితం మిగిలింది కదా అని దాన్ని పూర్తిగా నమ్మడం సరికాదు. మూడు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, గోడ మీది నమూనా పటం దుకాణం ఏం అమ్మజూపిందో చెబుతుంది. జనం ఏది ఎంచుకున్నారో చెప్పదు. పటంలో పది బొమ్మలు ఉంటే వాటిలో తొమ్మిదింటిని ఎవరూ అడగకపోయి ఉండవచ్చు.

రెండవది, ప్రతి ఆధారానికీ దాని కాలం, దాని ప్రయోజనం ఉంటాయి. పై టీషర్టు మీది పులిబొమ్మ ఫ్యాషన్ మార్కెట్ చరిత్రకు మంచి ఆధారం. 1974 నాటి దుకాణంలో పని ఎలా జరిగిందో తెలుసుకోవడానికి అది పనికిరాదు. రెండూ ఒకే చేతి గీతలే అయినా వాటిని ఒకే ప్రశ్న అడగలేము.

మూడవది, ఎవరి కాగితాలు మిగిలాయి అన్న ప్రశ్న. స్టీవార్డ్ ఆచార్యుడు. హార్డీ కళాశాలలో చదివాడు, ముద్రణ తెలిసినవాడు, ప్రచురణ సంస్థ పెట్టగలిగాడు. రాయగలిగిన వారు, అచ్చువేయగలిగిన వారు చరిత్రలో నిలిచారు. అంతే నైపుణ్యం ఉండి, అక్షరం లేని వారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న మనలను మన ఊళ్ళకు తీసుకువస్తుంది.

8. మన ప్రాంతపు పచ్చబొట్టు

తెలుగునాట పచ్చబొట్టు పొడవడం ఎక్కువగా స్త్రీల వృత్తి. ఎరుకల స్త్రీలు సోదె చెప్పడంతోపాటు పచ్చబొట్లు పొడిచేవారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం నమోదు చేసింది. అది ఏడు సంపుటాల గ్రంథం. కాని ఆ రాత వలస పాలనలోని అధికారిది. సూది పట్టిన స్త్రీ ఆ పని ఎవరి దగ్గర నేర్చింది, రోజుకు ఎన్ని ఊళ్ళు తిరిగింది, ఏ చుక్కల కూర్పును తనదిగా భావించింది అన్న సంగతులు ఆమె మాటల్లో మనకు అందవు. గోడ మీది పటం ఆమెకు లేదు. బొమ్మలన్నీ ఆమె జ్ఞాపకంలో ఉండేవి. ఆమెతోనే పోయాయి.

చర్మం మీది రూపం కాగితం మీదికి వచ్చిన ఉదాహరణ భారతదేశంలోనూ ఉంది. బీహార్‌లోని మధుబని ప్రాంతంలో పచ్చబొట్టును 'గోద్‌నా' అంటారు. 1970లలో దుసాధ్ అనే దళిత కులానికి చెందిన చానో దేవి వంటి స్త్రీలు గోద్‌నా రూపాలను కాగితం మీద చిత్రించడం మొదలుపెట్టారు. వరుసలు వరుసలుగా మనుషులు, చెట్లు, జంతువులు కనిపించే ఆ శైలి నేడు మిథిలా చిత్రకళలో ప్రత్యేక శాఖ. హార్డీకి కళాశాల ఇచ్చిన అవకాశం వారికి లేదు. అయినా కాగితం చేతికి అందగానే ఆ రూపాలు నిలిచాయి. కాబట్టి లోపం నైపుణ్యంలో లేదు, అవకాశంలో ఉంది.

ఇప్పుడు మీ వంతు. మీలో చాలామంది ఊళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. ముంజేతి మీద తేలు, గడ్డం మీద చుక్క, చేతి మీద పేరు ఉన్న అమ్మమ్మలు, నాయనమ్మలు మీ ఇళ్ళలో, మీ వీధిలో ఉండవచ్చు. వారు ఎనభై దాటిన వారు. ఆ చేతులు ఇంకొన్నాళ్ళే మన మధ్య ఉంటాయి. ఈ విషయంలో ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడి కంటే మీరే ఆధారానికి దగ్గరగా ఉన్నారు.

అభ్యాసం: వారి అనుమతి తీసుకొని, ఆ బొమ్మను కాగితం మీద ఉన్నది ఉన్నట్లు గీయండి. కింది ప్రశ్నలు అడిగి, వారు చెప్పిన మాటల్లోనే రాయండి. ఎన్నేళ్ళ వయసులో పొడిపించుకున్నారు? ఎవరు పొడిచారు, ఏ ఊరి నుంచి వచ్చారు? సిరా దేనితో కలిపారు? ప్రతిఫలంగా ఏమిచ్చారు, డబ్బా, గింజలా? ఆ బొమ్మనే ఎందుకు కోరుకున్నారు? తేదీ, ఊరు తప్పక వేయండి. వారు పేరు రాయవద్దంటే రాయకండి. చెప్పడానికి ఇష్టపడని సంగతిని గుచ్చి గుచ్చి అడగకండి.

9. సారాంశం

పచ్చబొట్టు మనిషితోపాటు నశించే కళ. అందువల్ల ఆ వృత్తి చరిత్రకు కళాకారులు దుకాణం బయట చేసిన పనులు కీలక ఆధారాలు. డాన్ ఎడ్ హార్డీ ముద్రణకళ నేర్చి, నావికుల దుకాణాల్లో పనిచేసి, 1973లో జపాన్ వెళ్ళి, 1974 నుంచి ప్రతి మనిషికీ కొత్త బొమ్మ గీసే పద్ధతిని సాగించాడు. ఆయన పత్రిక, పుస్తకాలు, ప్రదర్శన, చిత్రాలు తన పనితోపాటు తన ముందుతరం పనినీ కాపాడాయి. పేరు వ్యాపార సరుకుగా మారినప్పుడు మనిషి మరుగునపడే ప్రమాదం ఉందని కూడా ఆయన అనుభవం చూపుతుంది. రాసే అవకాశం లేని పచ్చబొట్టు కళాకారిణుల చరిత్ర మన ప్రాంతంలో ఇంకా రాయవలసే ఉంది. దాని మొదటి పుట మీ నోటుపుస్తకంలోనే ఉండవచ్చు.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. ఈ కింది వాటికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. హార్డీ దుకాణం బయట చేసిన పనులు పచ్చబొట్టు చరిత్రకు ఎలా ఆధారాలయ్యాయో వివరించండి.
2. 'చరిత్రలో నిలిచేది నైపుణ్యం ఒక్కటే కాదు, నమోదు చేసే అవకాశం కూడా.' ఈ పాఠంలోని ఉదాహరణలతో చర్చించండి.

ఆ. ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
3. జపాన్‌లో కొయ్య అచ్చుల ముద్రణకూ పచ్చబొట్టుకూ ఉన్న సంబంధం ఏమిటి?
4. నమూనా పటాన్ని ఆధారంగా వాడేటప్పుడు ఎలాంటి జాగ్రత్త అవసరం?